సింగపూర్ పాత హాకర్ స్టాల్‌లో చార్ క్వే తియావ్: ఏది అడగాలి, ఏది వద్దనాలి, ఎంత సేపట్లో తినేయాలి?

నెమ్మది_నడక అడిగిన ప్రశ్న

సింగపూర్‌లో ఒక్క మధ్యాహ్నం హాకర్ సెంటర్‌కి (చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు) కేటాయించుకుని, ఏళ్ల తరబడి నడుస్తున్న స్టాల్‌లో వేయించిన నూడుల్స్ తినాలని ఉంది. చార్ క్వే తియావ్ ముఖ్యం. కుదిరితే హొక్కియెన్ మీ (రొయ్యల రసంలో మగ్గించి వేయించే నూడుల్స్, 'మీ' అంటే నూడుల్స్) కూడా. వెళ్లేది నలుగురం. ఒకరు అన్నీ తింటారు. ఒకరు పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టరు. ఒకరు పూర్తి శాకాహారి. ఎనిమిదేళ్ల పాప కారం తినదు.

నాకు తెలియాల్సినవి: ఎక్కడికి వెళ్లాలి, ఏ వేళకి వెళ్లాలి? ఆర్డర్ ఎలా చెప్పాలి? అందులో వేసే హమ్ అనే గుల్లలు తినొచ్చా? క్యూ పొడుగ్గా ఉంటే పార్సిల్ కట్టించుకుని హోటల్ గదిలో తింటే రుచి ఏమైనా తగ్గుతుందా? పొరుగు స్టాల్‌లో క్యూ లేకుండా అదే వంటకం దొరుకుతుంటే గంట సేపు నిలబడటం అవసరమా?

మూకుడు_మంట జవాబు

ముందు చివరి రెండు ప్రశ్నలు చూద్దాం, మిగతావన్నీ వాటి మీదే ఆధారపడ్డాయి.

పార్సిల్ వద్దండి. చార్ క్వే తియావ్ పళ్లెంలో పడ్డాక అయిదు నిమిషాలే మంచి సమయం, మహా అయితే పది. క్వే తియావ్ అంటే బియ్యప్పిండి పల్చగా ఆవిరి మీద ఉడికించి కోసిన వెడల్పాటి రిబ్బన్లు. వేడిగా ఉన్నప్పుడు జారుతూ, మెత్తగా, అంచుల్లో కాస్త మాడు వాసనతో ఉంటాయి. చల్లారితే పిండి బిగుసుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. డబ్బాలో మూత పెడితే ఇంకో తంటా: ఆవిరి బయటికి పోక అందులోని పెసర మొలకల మీద నీరై దిగుతుంది, మొలకలు కరకర పోగొట్టుకుంటాయి, అడుగున సాస్ పలచబడుతుంది, మూకుడు వాసన ఆ తడిలో కలిసిపోతుంది. టాక్సీలో ఇరవై నిమిషాలు ప్రయాణం చేసిన క్వే తియావ్‌ని తిని ఆ స్టాల్ ఎలాంటిదో తేల్చడం అన్యాయం.

ఇక క్యూ. మనుషుల్ని కాదు, ప్లేట్లని లెక్కపెట్టండి. స్టాల్ ముందు రెండు నిమిషాలు నిలబడి, ఒక్కసారి మూకుడులో ఎన్ని ప్లేట్ల సరుకు పడుతోందో చూడండి. ఒక్కో ప్లేటు విడిగా వేయించే చోట ప్లేటుకి ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు పడుతుంది. ముందు పదిహేను మంది ఉండి, తలా రెండు ప్లేట్లు అడిగితే ముప్పై ప్లేట్లు, అంటే ముప్పావు గంట నుంచి గంట. మూడేసి ప్లేట్లు కలిపి వేయించే చోట అదే క్యూ ఇరవై నిమిషాల్లో కరిగిపోతుంది. చిన్న వాయి అయితే ప్రతి రిబ్బన్ ఇనుముకి తగులుతుంది. పది ప్లేట్ల సరుకు గుట్టగా పోస్తే మూకుడు చల్లబడి, నూడుల్స్ వేగడం మానేసి ఉడకడం మొదలెడతాయి. అందుకే క్యూ పొడవు కన్నా వాయి సైజు నమ్మదగ్గ గుర్తు.

పొరుగు స్టాల్ బాగుండకూడదని ఏమీ లేదు. అక్కడా ఇవే చూడండి:

చెవితో: మొలకలు పడగానే చర్రుమనే చప్పుడు రావాలి. బుడబుడ మంటే మూకుడు చల్లగా ఉందన్నమాట.

కంటితో: వాయికి వాయికి మధ్య మూకుడులో నీళ్లు పోసి, వెదురు చీపురుతో రుద్ది పారబోస్తున్నారా లేదా. నల్ల సాస్‌లో బెల్లంపాకంలాంటి తీపి ఉంటుంది, అది అడుగంటుతుంది. కడగకుండా నాలుగో వాయి వేస్తే చేదు వస్తుంది. ఆ చేదునే కొందరు మూకుడు వాసన అనుకుని మెచ్చుకుంటారు, రెండూ వేరు.

గుడ్డు కొట్టే తీరు కూడా చూడదగ్గదే. చేయి తిరిగిన మనిషి నూడుల్స్‌ని గరిటెతో ఒక పక్కకి నెట్టి, ఖాళీ అయిన చోట చెంచాడు కొవ్వు పోసి, అక్కడ గుడ్డు కొడతాడు. తెల్లసొన అంచు బుడగలు కట్టగానే పచ్చసొన పగలగొట్టి, పక్కనున్న నూడుల్స్‌ని దాని మీదకి తిరగేస్తాడు. గుడ్డు కింద సగం గట్టిపడి ముక్కలవుతుంది, పై సగం పచ్చిగానే రిబ్బన్లకి పూతలా అంటుకుంటుంది. తొందరలో గుడ్డుని నేరుగా నూడుల్స్ మీద కొట్టి కలిపేస్తే అంతా ఒకే జిగురు ముద్ద. తిన్నప్పుడు నాలుక మీద తేడా అక్కడే తెలుస్తుంది.

ఎక్కడికి అంటే, చైనాటౌన్ ఎమ్‌ఆర్‌టీ (మెట్రో స్టేషన్) దగ్గరున్న హాంగ్ లిమ్ ఫుడ్ సెంటర్‌లో ఔట్రమ్ పార్క్ ఫ్రైడ్ క్వే తియావ్ మీ. బెడోక్ సౌత్‌లో హిల్ స్ట్రీట్ ఫ్రైడ్ క్వే తియావ్. జయాన్ రివర్‌సైడ్ ఫుడ్ సెంటర్‌లో నంబర్ 18 స్టాల్. హొక్కియెన్ మీకి డకోటా ఎమ్‌ఆర్‌టీ దగ్గర ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ ఫుడ్ సెంటర్, అక్కడి నామ్ సింగ్.

పేర్లతో జాగ్రత్త. ఔట్రమ్ పార్క్ స్టాల్ ఔట్రమ్ పార్క్‌లో లేదు, హిల్ స్ట్రీట్ స్టాల్ హిల్ స్ట్రీట్‌లో లేదు. 1971 నుంచి 1986 దాకా ప్రభుత్వం వీధి బండ్లని కట్టిన హాకర్ సెంటర్లలోకి తరలించింది. ఆ తర్వాత పాత సెంటర్లు కొన్ని కూల్చేశారు కూడా. స్టాళ్లు చోటు మారినా గిరాకీ ఉన్న పాత పేరు వదులుకోలేదు. మ్యాప్‌లో స్టాల్ పేరు కొట్టి చిరునామా చూసుకోకుండా ఆ వీధికి పోతే పూటంతా వృథా.

వేళ: హాంగ్ లిమ్‌కైతే పదిన్నర, పదకొండు మధ్య చేరండి. పన్నెండు నుంచి రెండు దాకా ఆఫీసుల రద్దీ. హాంగ్ లిమ్ చుట్టూ అన్నీ ఆఫీసులే కాబట్టి ఆదివారం అక్కడ చాలా షట్టర్లు దించే ఉంటాయి. పాత స్టాళ్లకి బోర్డు మీద రాసిన మూసే సమయం మాటకే, సరుకు అయిపోతే రెండింటికే మూకుడు బోర్లిస్తారు.

పోక_మట్ట జవాబు

తిండి నియమాల సంగతి నేను చెబుతాను. ఇందులోనే ఎక్కువమంది దెబ్బతినేది.

పంది మాంసం తినని వారికి సింగపూర్ పద్ధతి చార్ క్వే తియావ్ దాదాపు ఎక్కడా కుదరదు. లాప్ చియాంగ్ అనే తీపి సాసేజ్ ముక్కలు తీసేయమంటే తీసేస్తారు. కానీ వేయించే నూనే పందికొవ్వు కరిగించినది, పైన చల్లే కరకర ముక్కలు ఆ కొవ్వు కరిగించగా మిగిలినవి. "నో పోర్క్" అంటే స్టాల్‌లో అర్థమయ్యేది మాంసం ముక్కలు వద్దని మాత్రమే. హొక్కియెన్ మీ ఇంకా కష్టం. దాని రసమే రొయ్య తలకాయలు, పంది ఎముకలు గంటల తరబడి మరిగించి తీస్తారు. నూడుల్స్ పీల్చుకునేది ఆ రసాన్నే, తీసేయడానికి ఏమీ ఉండదు.

ఆయనకి అదే హాకర్ సెంటర్‌లో ఇండియన్ ముస్లిం స్టాల్ వెతకండి. అక్కడ "మీ గోరెంగ్" అనే నూడుల్స్ వేపుడు దొరుకుతుంది. గుండ్రటి పసుపు నూడుల్స్, టమాటా సాస్, మిరప ముద్ద, గుడ్డు, క్యాబేజీ, ఒక్కోచోట ఉడికిన బంగాళాదుంప, బఠాణీ. ఎర్రగా, కొంచెం తీపి కారంగా ఉంటుంది, పక్కన కీరా ముక్కలు. హలాల్ కాబట్టి పంది మాంసం బెంగ లేదు, వేయించేది మామూలు నూనెలో. చికెనా, మటనా, ఉత్త గుడ్డా అని అడిగి చెప్పించుకోండి. కొన్ని స్టాళ్లలో బీఫ్ కూడా వండుతారు కనుక ఆ ప్రశ్న తప్పదు.

శాకాహారికి ఒకటే దారి: వెజిటేరియన్ అని బోర్డు ఉన్న చైనీస్ స్టాల్. మామూలు క్వే తియావ్ స్టాల్‌లో "నో మీట్" అని ఎంత గట్టిగా చెప్పినా లాభం లేదు. కొవ్వు మూకుడులో ఉంటుంది, చేప సాస్ సీసాలో ఉంటుంది, గరిటె ఒకటే. వెజిటేరియన్ స్టాళ్లు ఎక్కువగా బౌద్ధ సంప్రదాయానివి. చాలా చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. పళ్లెంలో మాంసంలా కనిపించే ముక్కలుంటే కంగారు పడొద్దు, అవి గోధుమ జిగురుతోనో సోయాతోనో చేసినవి. గుడ్డు సంగతి మాత్రం స్టాల్ స్టాల్‌కి మారుతుంది, అడగాలి. బీహూన్ అనే సన్నటి బియ్యపు నూడుల్స్ వేయించినవి ఉదయం పూట బాగుంటాయి, మధ్యాహ్నానికి ఆరిపోతాయి.

పాపకి: చార్ క్వే తియావ్‌లో మిరప ముద్ద మూకుడులోనే వేస్తారు కాబట్టి ముందే "నో చిల్లీ" అనాలి, పళ్లెం చేతికొచ్చాక తీయడానికి వీలుండదు. తీపి నల్ల సాస్ ఉండటం వల్ల కారం లేకపోయినా చప్పగా ఉండదు. హొక్కియెన్ మీలో సంబల్ (మిరప ముద్ద), చిన్న నిమ్మకాయ పక్కన పెడతారు. కలపకపోతే కారమే ఉండదు, అది పాపకి సుఖం.

పళ్లెం తిరిగి పెట్టే ర్యాకులు హలాల్‌కి వేరు, మిగతా వాటికి వేరు. మీ బల్ల మీద రెండు రకాల పళ్లేలు ఉంటాయి కాబట్టి కలపకండి. తిన్నాక బల్ల మీద పళ్లెం, టిష్యూలు వదిలేసి లేచిపోవడం అక్కడ నేరం. 2021 సెప్టెంబర్ 1 నుంచి హాకర్ సెంటర్లలో అమలు చేస్తున్నారు. మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 సింగపూర్ డాలర్ల జరిమానా.

నెమ్మది_నడక

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ గోరెంగ్ మాట నాకు తట్టనే లేదు. రెండు చిన్న సందేహాలు. స్టాల్ ముందు నిలబడి నోటితో ఏం చెప్పాలి? ఆ గుల్లల్ని బాగా ఉడికించమని అడిగితే సరిపోతుందా?

మూకుడు_మంట జవాబు

నోటితో చెప్పేది ఎంత తక్కువైతే అంత మంచిది. వండే మనిషి తల ఎత్తడు, పక్కన డబ్బు తీసుకునే వారు ఆర్డర్ గుర్తుపెట్టుకుంటారు. ఈ వరసలో చెప్పండి: ఎన్ని ప్లేట్లు, ఏ సైజు, ఏం వద్దు, ఇక్కడేనా పార్సిలా.

"అంకుల్, టూ ప్లేట్స్, స్మాల్. వన్ నో చిల్లీ, నో హమ్. ఈట్ హియర్."

ఇంగ్లిష్ చాలు. హొక్కియెన్‌లో "మై హమ్" అంటే గుల్లలు వద్దని, "మై హియామ్" అంటే కారం వద్దని. పార్సిల్‌ని "తా పావ్" అంటారు. వయసులో పెద్ద మగవారైతే అంకుల్, ఆడవారైతే ఆంటీ. ఆ పిలుపు అక్కడ మర్యాదే.

బోర్డు మీద రెండో మూడో ధరలు ఉంటాయి, సైజుని బట్టి. ఆ అంకె చెబితే సైజు చెప్పినట్టే. సర్వీస్ చార్జి ఉండదు, టిప్ ఇవ్వరు. క్యూఆర్ కోడ్ అతికించి ఉన్నా అది ఎక్కువగా సింగపూర్ బ్యాంకు ఖాతాలతోనే పనిచేస్తుంది. అందుకని 2, 5, 10 డాలర్ల నోట్లు జేబులో ఉంచుకోండి. 50 డాలర్ల నోటు ఇస్తే చిల్లర కోసం వాయి ఆగుతుంది.

బల్ల ముందే పట్టుకోవాలి. టిష్యూ ప్యాకెట్ బల్ల మీద పెడితే ఆ చోటు మీదని అందరికీ అర్థమవుతుంది, దాన్ని "చోప్" చేయడం అంటారు. మీరూ ప్యాకెట్ కనిపించిన చోట కూర్చోకూడదు. ఎలాగూ స్టాల్‌లో టిష్యూలు ఇవ్వరు, కొనుక్కునే వెళ్లండి. నలుగురిలో ఒకరు క్వే తియావ్ క్యూలో, ఒకరు మీ గోరెంగ్ దగ్గర, ఒకరు పాపతో బల్ల దగ్గర. క్వే తియావ్‌కి ముందు ముగ్గురు మిగిలినప్పుడే మీ గోరెంగ్ ఆర్డర్ చెప్పండి, రెండూ ఒకేసారి బల్లకి చేరతాయి. లేకపోతే మర్యాదకి ఒకరి కోసం ఒకరు ఆగుతారు, ఆ ఆగడంలో క్వే తియావ్ చల్లారుతుంది. ఈ ఒక్క వంటకానికి ఆ మర్యాద పక్కన పెట్టండి, ఎవరి పళ్లెం వస్తే వారు మొదలెట్టేయాలి.

పళ్లెం రాగానే చాప్‌స్టిక్స్‌తో అడుగు నుంచి ఒకసారి పైకి తిప్పండి. సాస్, కొవ్వు కిందకి దిగి ఉంటాయి. మొదటి ముద్దలోనే ఒక మొలక, ఒక కొవ్వు ముక్క, ఒక రిబ్బన్ కలిసి పడాలి. మూడింటి కరకర మూడు రకాలు.

ఉప్పు_కయ్య జవాబు

హమ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఇది రుచి ఒక్కదాని సంగతి కాదు.

ఇవి బురదనేలల్లో పెరిగే గుల్లలు. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వీటిలోనూ ఉంటుంది కాబట్టే విప్పగానే ఎర్రటి రసం కారుతుంది, చూసి చాలామంది జడుసుకుంటారు. ఆ ఎరుపు తాజాదనానికి గుర్తు, పాడైనదానికి కాదు. పాడైనది బూడిదరంగులో, ముడుచుకుని, మురుగు వాసనతో ఉంటుంది.

సమస్య వేరేది. ఈ గుల్లలు నీటిని వడకట్టుకుని బతుకుతాయి. ఆ నీటిలో మురుగు కలిస్తే హెపటైటిస్-ఎ వైరస్ వాటి లోపల పోగవుతుంది. 1988లో షాంఘైలో ఇదే జాతికి దగ్గరి గుల్లల్ని సగం పచ్చిగా తిని సుమారు 3 లక్షల మంది కామెర్ల బారిన పడ్డారు. ఆ వైరస్ చావాలంటే గుల్ల లోపలి మాంసం 90 డిగ్రీల సెల్సియస్‌కి చేరి 90 సెకన్లు ఉండాలి. చార్ క్వే తియావ్‌లో హమ్‌ని చివర్లో, మంట తగ్గించాక వేసి రెండు మూడు తిప్పులు తిప్పి దించేస్తారు. పది పదిహేను సెకన్లు. కాబట్టి "బాగా ఉడికించండి" అని అడగడం వల్ల ఒరిగేది లేదు. నిజంగా అంతసేపు ఉంచితే గుల్ల రబ్బరైపోతుంది, నూడుల్స్ మాడతాయి, వండే మనిషి ఆ పని చేయడు. వేయించుకుంటే సగం పచ్చిది, వద్దంటే పూర్తిగా వద్దు, మధ్యేమార్గం లేదు.

గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవారు, వృద్ధులు, చిన్నపిల్లలు వద్దనాలి. పాప ప్లేటుకి "నో హమ్" తప్పనిసరి. అన్నీ తినే ఆయన ఇష్టం ఆయనది. హెపటైటిస్-ఎ టీకా వేయించుకుని ఉంటే ఆ ఒక్క భయం తగ్గుతుంది. తిన్న మర్నాడు బాగానే ఉంది కదా అని నిశ్చింత పడటానికి లేదు, ఆ జబ్బు బయటపడటానికి సగటున నాలుగు వారాలు పడుతుంది.

గుల్లలు, రొయ్యలతో ఎలర్జీ ఉన్నవారు "నో హమ్" అన్నంత మాత్రాన గట్టెక్కరు. వాయిల మధ్య మూకుడు కడిగేది నీళ్లతోనే. పక్క ప్లేటు రసం మీ ప్లేటులోకి వస్తుంది. అలాంటివారు ఆ స్టాల్ పూర్తిగా మానుకోవాలి.

గాలివాటు జవాబు

ఒక సవరణ, ఎందుకంటే ఈ రెండు పేర్లూ ఊరు మారితే అర్థం మారతాయి. సింగపూర్ తర్వాత మలేసియా వెళ్లేవారు ఇక్కడ చదివి అక్కడ అడిగితే వేరేది వస్తుంది.

సింగపూర్ చార్ క్వే తియావ్ నల్లగా, తడిగా, తీపిగా ఉంటుంది. బియ్యపు రిబ్బన్లతో పాటు పసుపు గోధుమ నూడుల్స్ కలుపుతారు, బోర్డు మీద "క్వే తియావ్ మీ" అని ఉండేది అందుకే. పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్‌లో అదే పేరుతో వచ్చేది లేత గోధుమరంగులో, పొడిగా, ఉప్పగా ఉంటుంది. అందులో తీపి సాస్ ఉండదు, రిబ్బన్లు సన్నం, పసుపు నూడుల్స్ వేయరు, పెద్ద రొయ్యలు ఉంటాయి, కొంచెం ఎక్కువ ఇస్తే కోడిగుడ్డు బదులు బాతుగుడ్డు కొడతారు. సియామ్ రోడ్‌లోని స్టాల్‌లాంటి చోట్ల ఇప్పటికీ బొగ్గుల మీదే, ఒక్కో ప్లేటు విడిగా. అక్కడ క్యూ లెక్క మూకుడు_మంట గారు చెప్పినట్టే వేసుకోండి, గంటకి తగ్గదు.

హొక్కియెన్ మీ ఇంకా గందరగోళం. సింగపూర్‌లో అది రసంలో మగ్గించి వేయించిన లేత రంగు నూడుల్స్. కౌలాలంపూర్‌లో లావు నూడుల్స్, చిక్కటి నల్ల సాస్, బొగ్గు మంట. పెనాంగ్‌లో హొక్కియెన్ మీ అంటే వేపుడే కాదు, ఎర్రటి రొయ్యల సూప్. వేయించినది ఊహించుకుని అడిగితే గిన్నెడు పులుసు వస్తుంది. తప్పు స్టాల్‌ది కాదు.

పోక_మట్ట గారి పేరు చూశాక గుర్తొచ్చింది. సింగపూర్‌లో కొన్ని హొక్కియెన్ మీ స్టాళ్లు పార్సిల్‌ని పోకచెట్టు మట్టలో చుడతాయి, దాన్ని ఓపే అంటారు. వేడి నూడుల్స్ తగలగానే మట్ట నుంచి చెక్క వాసన లాంటిది ఒకటి దిగుతుంది. క్వే తియావ్ పార్సిల్‌కి పనికిరాదన్న మాట నిజమే, కానీ రసంతో మెత్తగా ఉండే హొక్కియెన్ మీ మట్టలో అరగంట ఆగగలదు. ప్లాస్టిక్ డబ్బాకి కాకుండా మట్టకి అదనంగా కొన్ని సెంట్లు అడుగుతారు, ఇవ్వదగ్గదే.

నెమ్మది_నడక

చాలా ఉపయోగపడింది. ఒక్క ప్రశ్న మిగిలింది. శాకాహారికి ఇంటి దగ్గర ఇదే పద్ధతిలో చేసి పెట్టాలని ఉంది. మామూలు గ్యాస్ స్టవ్ మీద సాధ్యమా?

మూకుడు_మంట జవాబు

స్టాల్‌లో వచ్చే వాసన పూర్తిగా రాదు, దగ్గరికి వెళ్లొచ్చు. ఇంటి స్టవ్‌లో పెద్ద బర్నర్ మూడు నాలుగు కిలోవాట్లు ఇస్తుంది, స్టాల్ బర్నర్ దానికి ఎన్నో రెట్లు. అక్కడ ఎగిరిన నూనె తుంపరలు మంట అంటుకుని మళ్లీ మూకుడులో పడతాయి, ఆ వాసనే వోక్ హే. మనకి మంట పెంచే వీలు లేదు కాబట్టి సరుకు తగ్గించడమే ఉపాయం. ఒక్కసారికి ఒక్క ప్లేటు, నలుగురుంటే నాలుగు వాయిలు. ఇక్కడ బద్ధకిస్తే మిగతా ఏం చేసినా దండగ.

ఒక ప్లేటుకి: క్వే తియావ్ 150 గ్రాములు, పసుపు నూడుల్స్ 60 గ్రాములు, పెసర మొలకలు 60 గ్రాములు, వెల్లుల్లి రెండు రెబ్బలు, కుచాయ్ ఆకు గుప్పెడు (వెల్లుల్లి వాసన ఉండే సన్నటి ఆకు, దొరక్కపోతే ఉల్లికాడలు), నూనె రెండు పెద్ద చెంచాలు, తీపి నల్ల సోయా సాస్ ఒక పెద్ద చెంచా, మామూలు సోయా సాస్ ఒక చిన్న చెంచా, మిరప ముద్ద ఒక చిన్న చెంచా, నీళ్లు మూడు పెద్ద చెంచాలు. శాకాహారికి కాబట్టి స్టాల్‌లో వేసే గుడ్డు, చేప సాస్ వదిలేసి గట్టి టోఫూ 50 గ్రాములు ముందుగా విడిగా వేయించి పెట్టుకోండి. గుడ్డు లేనప్పుడు రిబ్బన్లకి పూత ఉండదు, ఆ లోటుకి నూనె అర చెంచా ఎక్కువ.

రిబ్బన్లు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేస్తే పుల్లల్లా విరుగుతాయి. చల్లదనానికి బియ్యప్పిండి బిగుసుకోవడమే కారణం. ముందు ఆవిరి మీద రెండు నిమిషాలు పెట్టి, చేత్తో ఒక్కొక్కటి విడదీయండి. నీళ్లలో నానబెట్టకూడదు, తడి మూకుడుకి అతుక్కుంటుంది. పసుపు నూడుల్స్‌లో క్షారం కలుపుతారు, సబ్బులాంటి వాసన ఉంటుంది. మరిగే నీళ్లు పోసి వెంటనే వార్చేస్తే పోతుంది.

ఇనుప మూకుడు పొగలు వచ్చేదాకా కాల్చండి, నాన్‌స్టిక్ వద్దు, ఆ వేడికి పూత పాడవుతుంది. నూనె, వెల్లుల్లి, అయిదు సెకన్లు. వెల్లుల్లి రంగు మారకముందే రెండు రకాల నూడుల్స్ వేసి పరిచి, ముప్పై సెకన్లు కదపకండి. చేయి ఊరుకోదు, కానీ అంచులు కాలేది ఆ ముప్పై సెకన్లలోనే. తర్వాత నీళ్లు చల్లండి, ఆవిరికి రిబ్బన్లు మెత్తబడతాయి. సాసులు నూడుల్స్ మీద కాదు, మూకుడు అంచు చుట్టూ పోయండి. ఇనుముకి తగిలి చర్రుమని మరిగి ఆ వాసనతో కిందకి జారతాయి. మిరప ముద్ద, టోఫూ వేసి గరిటె అడుగు నుంచి ఎత్తి తిరగేయండి, కలియబెడితే ముక్కలవుతాయి. మొలకలు, ఆకు చివరి ఇరవై సెకన్లకే. అంతకంటే ముందు వేస్తే నీరు వదిలి మొత్తం కూరలా అవుతుంది.

నీళ్లు తక్కువై అడుగంటితే సాస్ కాదు, ఇంకో చెంచా నీళ్లు. సాస్ పెంచితే తీపీ ఉప్పూ రెండూ హద్దు దాటుతాయి. దించగానే మూకుడు కడిగి తర్వాతి వాయి.

పోక_మట్ట జవాబు

బయలుదేరే ముందు ఒక్కటి చూసుకోండి. ప్రభుత్వ హాకర్ సెంటర్లు మూడు నెలలకోసారి శుభ్రం చేయడానికి మొత్తం మూస్తారు. మరమ్మతులకైతే వారాల తరబడి కూడా. ఆ తేదీలు జాతీయ పర్యావరణ సంస్థ వెబ్‌సైట్‌లో సెంటర్ పేరుతో సహా ముందే పెడతారు. స్టాల్ వారపు సెలవు అది కాక వేరు, సోమవారమో మరొకటో, షట్టర్ మీద రాసి ఉంటుంది. పాత స్టాళ్లలో వేయించేది ఒక్కరే, ఆయనకి ఒంట్లో బాగోకపోతే ఆ పూట స్టాల్ ఉండదు. అందుకే రెండు క్వే తియావ్ స్టాళ్లు ఉన్న సెంటర్‌నే ఎంచుకోండి. అందుకు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ సరిపోతుంది, క్వే తియావ్, హొక్కియెన్ మీ రెండూ ఒకే కప్పు కింద.